కొత్త దోహా, పాత గోడలు

తెలుగు పట్టణాలలో కొత్తపేట అని పేరున్న వాడ తరచుగా ఆ ఊరి పాత వాడలలో ఒకటిగా కనిపిస్తుంది. ఒక తరం వారు ఊరి పొలిమేర దాటి ఇళ్ళు కట్టుకున్నప్పుడు పెట్టుకున్న పేరు, ఊరు ఆ పొలిమేరను దాటి ఎంతో దూరం పెరిగిన తరువాత కూడా మారకుండా నిలిచిపోవడమే దీనికి కారణం. ఖతార్ రాజధానిలోని అల్ దోహా అల్ జదీదా కథ కూడా ఇదే తీరున సాగింది. అరబ్బీలో జదీదా అంటే కొత్తది. అల్ దోహా అల్ జదీదా అంటే కొత్త దోహా. సముద్రపు ఒడ్డున ముత్యాల పడవల చుట్టూ అల్లుకున్న తొలి దోహాకు ఇది కొత్త చేర్పు కనుక ఆ పేరు వచ్చింది. నేడు నగరపాలన లెక్కల్లో 15వ జోనుగా ఉన్న ఈ వాడ, ఒకవైపు ముషైరిబ్, మరొకవైపు ఉమ్ గువైలినా పేటలుండగా, నగర కేంద్రాన్ని చుట్టిన వలయ రహదారుల లోపలి భాగంలో, ఇరుకు సందులతో, మూడు నాలుగంతస్తుల పాత కాంక్రీటు భవనాలతో, వాటి నడుమ అక్కడక్కడ మిగిలిన పాతకాలపు ఇళ్ళతో, దోహా మహానగరంలోని పాత భాగాలలో ఒకటిగా లెక్కకు వస్తోంది.

ఈ ధారావాహిక గత భాగం, జపాను సాగు ముత్యాల పోటీకి తట్టుకోలేక 1930లలో గల్ఫ్ ముత్యాల వ్యాపారం కూలిపోయిన ఘట్టం దగ్గర ఆగింది. ఆ తరువాత చమురు ధనం ఖతార్‌లో ఎవరికి ఇల్లు కట్టించింది, ఎవరికి కట్టించలేదు, కట్టించని వారికి ఏ కప్పు దొరికింది అన్న ప్రశ్నలను ఈ భాగం పరిశీలిస్తుంది. చవక ఇళ్ళ కొరతకు ప్రభుత్వ నిధులతో విరుగుడు చూడడంలో ఖతార్ స్వాతంత్ర్యానికి ముందే పూనుకొని, ఉదారంగా ఖర్చు చేసింది. అయితే ఆ నిధి చేరవలసిన వారికి చేరుతూనే, ఎవరూ తలపెట్టకుండా మరొక పని కూడా చేసింది. అది పౌరులకు శివార్లలో కొత్త ఇళ్ళిచ్చి, వారు విడిచిన పాత వాడలను పరదేశ కార్మికులకు నివాసంగా మిగిల్చింది. తెలంగాణ, కోనసీమ, రాయలసీమ పల్లెల నుంచి వెళ్ళిన వేలాది మంది జీవితాలలో కొన్నేళ్ళు గడిచినవి ఇటువంటి వాడలలోనే కనుక, ఖతార్ గృహనిధి చరిత్ర తెలుగు వారి చరిత్రలోనూ ఒక భాగమే.

దుఖాన్ ప్రాంతంలో చమురు బయటపడింది 1939–40 కాలంలో. రెండో ప్రపంచ యుద్ధం అడ్డుపడడం వల్ల మొదటి ఎగుమతికి 1949 డిసెంబరు 31 దాకా ఆగవలసి వచ్చింది. అప్పటికి దోహా ఒక చిన్న రేవు పట్టణం. అక్కడ ప్రజలు ఫరీజ్‌ల వారీగా ఉండేవారు. ఫరీజ్ అంటే ఒకే వంశానికో, ఒకే వృత్తికో చెందిన కుటుంబాలు దగ్గరదగ్గరగా కట్టుకున్న వాడ. మన పల్లెల్లో ఇంటిపేరుతోనో, కులవృత్తి పేరుతోనో వీధులు ఏర్పడిన పద్ధతికి దగ్గరి బంధువు. ఆ వాడలోని ఇంటి నిర్మాణం కూడా తెలుగు పాఠకులకు వింతగా తోచదు, ఎందుకంటే అది దాదాపు మండువా లోగిలి వంటిదే. నడుమ ఆకాశానికి తెరచి ఉన్న ముంగిలిని హోష్ అంటారు. దాని చుట్టూ వరుసగా గదులు, గదుల ముందు ఎండ తగలకుండా వసారా, వీధి వైపున మగ అతిథులు కూర్చునే మజ్లిస్, అంటే మన సావిడి. వీధికి కిటికీలు దాదాపు ఉండవు; వెలుతురూ గాలీ ముంగిలి నుంచే రావాలి.

ఈ ఇళ్ళ గోడలను తీరంలో దొరికే సముద్రపు రాతిని పేర్చి, జిప్సం గచ్చుతో పూసి లేపేవారు. కప్పు మాత్రం దూరదేశపు సరుకు. చెట్టు మొలవని ఆ నేలలో దూలాలు దొరకవు కనుక తూర్పు ఆఫ్రికా తీరపు మడ అడవుల నుంచి నరికిన దుంగలు తెరచాప ఓడల మీద వచ్చేవి. వాటిని దంచల్ అంటారు. ఆ దుంగలను గోడకు గోడకు నడుమ పరచి, వాటిపై చీల్చిన వెదురు బద్దలు అల్లి, ఆపైన చాప పరచి, చివరకు మట్టి మెత్తి కప్పు పూర్తి చేసేవారు. కోరంగి మడ అడవులను చూసిన వారికి ఆ చెట్టు ఎంత లావుకు, ఎంత పొడవుకు పెరుగుతుందో తెలుసు. దుంగ పొడవు ఎంతో గది వెడల్పు అంతే కావాలి కనుక, పాత దోహా గదులు పొడవుగా, సన్నగా, దాదాపు 3 మీటర్ల వెడల్పుకు కాస్త అటూఇటూగా మిగిలాయి. ఒక చెట్టు కొలత ఒక నగరపు గది కొలతను నిర్ణయించిన ఈ సంగతిని గుర్తుంచుకోవాలి. ఆ వెడల్పు తరువాతి కాలంలో మరొక లెక్కకు పునాది అయింది.

చమురు రాబడి పెరిగే కొద్దీ ఊరు పెరిగింది, ఊరు పెరిగే కొద్దీ ఇళ్ళు చాలలేదు. షేక్ అహ్మద్ బిన్ అలీ పాలనలో వచ్చిన 1964 నాటి 1వ నంబరు చట్టం ఈ కొరతకు ప్రభుత్వ ధనంతో తొలి జవాబు చెప్పింది. అది మసాకిన్ షాబియ్యాకు, అంటే ప్రజా గృహాలకు సంబంధించిన చట్టం. స్తోమత లేని ఖతారీ కుటుంబాలకు నిలువ నీడ కల్పించే బాధ్యత రాజ్యానిదేనన్న సూత్రాన్ని అది స్థిరపరచింది. దేశానికి స్వాతంత్ర్యం 1971 సెప్టెంబరు 3న వచ్చిందని గుర్తుచేసుకుంటే, స్వతంత్ర రాజ్యం కావడానికి ఏడేళ్ళ ముందే గృహనిర్మాణం పాలకుల విధిగా చట్టంలోకి ఎక్కిందన్న విషయం బోధపడుతుంది. ముత్యాల కాలం చివర అప్పుల్లో మునిగి, ఆకలికి వలసపోయిన కుటుంబాలున్న సమాజంలో ఇది సామాన్యమైన మార్పు కాదు, దాని విలువను తక్కువ చేయడం చరిత్రకు న్యాయం కాదు.

ఈ హక్కుకు హద్దు గీసింది పౌరసత్వం. ఖతార్ తొలి జాతీయతా చట్టం 1961లో వచ్చింది. ఎవరు పౌరులో దానితో తేలిపోయింది కనుక, మూడేళ్ళ తరువాత వచ్చిన గృహ చట్టం ఎవరికి ఇల్లివ్వాలో వెతుక్కోవలసిన అవసరం లేకపోయింది. నాటి నుంచి నేటి దాకా ఆ గీత చెరగలేదు. పాత చట్టం స్థానంలో 2007లో వచ్చిన 2వ నంబరు గృహ చట్టం అర్హులైన పౌరులకు ఇంటి స్థలాన్ని, దానిపై కట్టుకోవడానికి రుణాన్ని సమకూర్చే ఏర్పాటును కొనసాగించింది. ఆ రుణాల నిర్వహణ ఖతార్ డెవలప్‌మెంట్ బ్యాంకుకు దక్కింది. ఇది 1997లో పారిశ్రామికాభివృద్ధి బ్యాంకుగా పుట్టి ఆ తరువాత పేరు మార్చుకొన్న ప్రభుత్వ సంస్థ. రుణం 12 లక్షల రియాళ్ళ వరకూ లభిస్తుంది. రియాలు విలువ డాలరుకు 3.64గా కట్టుబడి ఉంది కనుక, ఇటీవలి మారకపు రేటున రూపాయల్లో ఆ మొత్తం రెండున్నర కోట్లు దాటుతుంది.

ఇక్కడ హైదరాబాదు అనుభవాన్ని పక్కన పెట్టి చూడడం ఉపయోగకరం. 1908 మూసీ వరద తరువాత, 1912లో నిజాం ప్రభుత్వం నెలకొల్పిన నగర అభివృద్ధి మండలి ఇరుకు బస్తీలను తొలగించి, వాటి స్థానంలో తానే ఇళ్ళు కట్టించి, తక్కువ రాబడి వారికి అద్దెకిచ్చే పద్ధతిని అనుసరించింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత ఆ పని గృహనిర్మాణ మండలి చేతికి వచ్చింది. హైదరాబాదు పద్ధతిలో ప్రభుత్వం ఇంటి యజమాని, పేదవాడు అద్దెదారు. దోహా పద్ధతిలో ప్రభుత్వం దాత, పౌరుడే యజమాని. రెండో పద్ధతి పౌరుడికి ఎక్కువ గౌరవమూ ఆస్తీ ఇచ్చిందనడంలో సందేహం లేదు, కాని అద్దె ఇల్లు అనే వస్తువును ప్రభుత్వం తన చేతిలో ఉంచుకోకపోవడం వల్ల, అద్దెకు ఉండక తప్పని వారి బాగోగులు పూర్తిగా ప్రైవేటు యజమానుల చేతికి పోయాయి. పౌరులే అధిక సంఖ్యలో ఉన్న దేశంలో ఇది చిన్న లోపంగా మిగిలేది, కాని ఖతార్‌లో పౌరుల కంటే పరదేశీయుల సంఖ్య కొన్ని రెట్లు పెరిగింది కనుక అది నగరపు ప్రధాన సమస్యగా మారింది.

షేక్ ఖలీఫా బిన్ హమద్ 1972 ఫిబ్రవరిలో అధికారానికి వచ్చారు. మరుసటి ఏడాది చివర చమురు ధరలు ఒక్కసారిగా పెరిగాయి. ఆ దశకంలోనే బ్రిటన్‌కు చెందిన లెవెలిన్ డేవిస్ సంస్థ దోహాకు నగర ప్రణాళిక గీసింది. ఊరి నడిమధ్య నుంచి వలయాకారపు రోడ్లు ఒకదాని వెలుపల ఒకటిగా విస్తరించే రూపం ఆ కాలంలోనే స్థిరపడింది. ఉత్తరాన సముద్రాన్ని పూడ్చి దఫ్నా అనే కొత్త నేలను సృష్టించారు. ఇలా వెలుపలికి పెరిగే నగరంలో ప్రభుత్వ స్థలమూ రుణమూ చేతికందిన ఖతారీ కుటుంబాలు, ఒక తరం గడిచేలోగా, ముంగిలి ఇళ్ళను విడిచి ప్రహరీ గోడల నడుమ విశాలమైన విల్లాలకు తరలిపోయాయి. విద్యుత్తు, నీటి గొట్టాలు, మోటారు కారు నిలిపే చోటు, పెరిగిన సంతానానికి గదులు కావాలనుకున్న వారికి సన్నని సందుల పాత వాడ సరిపోలేదు. మన ఊళ్ళల్లోనూ మండువా లోగిళ్ళు వదిలి డాబా ఇళ్ళకు మారిన వారిని ఎవరూ తప్పుపట్టలేదు.

పై మెట్టు మీది వారు విడిచిన ఇల్లు కింది మెట్టు మీది వారికి దిగడం అనే క్రమం ప్రపంచంలోని ఎన్నో నగరాలలో కనిపిస్తుంది. కొత్తగా చవక ఇళ్ళు కట్టకపోయినా, పాతబడిన ఇల్లు చేతులు మారుతూ చవక ఇల్లుగా మారుతుందన్నది దీనిలోని తర్కం. దోహా పాత వాడలలో జరిగింది ఇదే, కాని ఒక తేడాతో: దిగిన వస్తువు ఇల్లు కాదు, ఇంటిలోని భాగం. ఖతారీ యజమాని పాత ఇంటిని ఒక కుటుంబానికి అద్దెకిస్తే వచ్చే సొమ్ము కంటే, గదుల వారీగా ఇస్తే ఎక్కువ వచ్చింది; గదుల వారీగా తీసుకున్న మధ్యవర్తి వాటిని మంచాల వారీగా ఇస్తే ఇంకా ఎక్కువ మిగిలింది. బెడ్ స్పేస్ అనే మాట గల్ఫ్ తెలుగులో ఇలా పాతుకుపోయింది. దాని అర్థం ఒక మంచం పట్టేంత చోటు, ఆ మంచం కింద పెట్టె పెట్టుకునే హక్కు, వంటగదిలో వంతు, స్నానాల గది ముందు వరుసలో నిలబడే అవకాశం. ఎంత అద్దె ఇస్తున్నారని అడిగితే గదికెంతో చెప్పరు, బెడ్డుకెంతో చెబుతారు.

ఆఫ్రికా మడ దుంగ కొలతకు కట్టిన గది ఈ కొత్త లెక్కకు అనుకోకుండా అతికినట్టు సరిపోయింది. సుమారు 3 మీటర్ల వెడల్పులో రెండు గోడల పొడవునా ఇనుప మంచాల వరుసలు వేస్తే, నడుమ ఒక మనిషి నడిచే దారి మిగులుతుంది. ఒకదానిపై ఒకటి రెండంతస్తుల మంచాలు వేస్తే అదే గది రెట్టింపు మందికి చోటిస్తుంది. కింది మంచం దొరికినవాడు పై మంచపు అంచుకు దుప్పటి చెక్కి, పక్కలకు వేలాడదీసి, దాని వెనుక తనకంటూ ఒక గది ఉందనుకుంటాడు; రాత్రి పాళీ చేసి వచ్చినవాడు పగలు నిద్రపోవడానికీ, ఇంటికి ఫోను చేసినప్పుడు కళ్ళు తుడుచుకోవడానికీ ఆ దుప్పటే మరుగు. ముంగిలి మీద ప్లైవుడ్డు, రేకులు కప్పడంతో ఒకనాటి హోష్ వంటశాలగానో, మరొక గదిగానో మారింది. గాలీ వెలుతురూ ఇవ్వడానికి కట్టిన ముంగిలి మూసుకుపోవడంతో, ఆ ఇంటికి ప్రాణమైన ఏర్పాటే పోయింది. మజ్లిస్ ఉన్న వీధి వైపు గోడకు తలుపు కొట్టి బకాలా, అంటే కిరాణా కొట్టు పెట్టుకున్నారు. పాత ఇళ్ళను పడగొట్టి 1970లలో, 80లలో లేపిన కాంక్రీటు భవనాల ఫ్లాట్లలోనూ చెక్క అడ్డుగోడలతో ఇదే పద్ధతి కొనసాగింది. ఆ అడ్డుగోడకు పార్టిషన్ అని పేరు.

ఈ మంచాలకు తెలుగు వారు చేరిన దారి కూడా చమురు ధర పెరిగిన కాలంలోనే తెరుచుకుంది. కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల వర్షాధారపు పల్లెల నుంచి బొంబాయి ఏజెంట్ల ద్వారా మొదలైన ప్రయాణాలు క్రమంగా జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాలన్నిటికీ వ్యాపించాయి. ఆంధ్ర వైపు నుంచి కోనసీమ, కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతాల వారు వెళ్ళారు. పెద్ద నిర్మాణ కంపెనీల్లో చేరినవారికి కంపెనీయే క్యాంపులో చోటిచ్చేది, క్యాంపు అంటే ఊరికి దూరంగా కట్టిన కార్మిక వసతి. చిన్న దుకాణాలలో, వర్క్‌షాపులలో, హోటళ్ళలో పనిచేసేవారికి, డ్రైవర్లకు, ఆజాద్ వీసా మీద, అంటే కాగితం ఒకరి పేరున ఉండగా పని మరొక చోట చూసుకునే పద్ధతిలో వెళ్ళినవారికి అటువంటి వసతి లేదు. నడిచి పనికి పోగలిగేంత దగ్గరగా, సూక్‌కు, అంటే బజారుకు, డబ్బు పంపే ఎక్స్ఛేంజీలకు అందుబాటులో ఉన్న అల్ దోహా అల్ జదీదా, పక్కనున్న అస్మఖ్, నజాదా వాడలు వారికి ఆసరా అయ్యాయి. ఒక గదిలో చేరిన నలుగురైదుగురు బియ్యమూ పప్పూ ఉమ్మడిగా కొని, వంతుల మీద వండుకొని, నెలాఖరున లెక్క చూసుకునే మెస్ పద్ధతి వారి ఖర్చును అదుపులో ఉంచింది. ఇళ్ళలో పనికి వెళ్ళిన గోదావరి, కడప స్త్రీల సంగతి ఇంతకంటే కఠినం. వారి నివాసం పనిచేసే ఇల్లే కనుక, చవక ఇళ్ళ కొరతపై రాసిన ఏ లెక్కలోనూ వారు కనిపించరు.

ఉత్తర క్షేత్రపు సహజవాయువు ద్రవరూపంలో 1996 చివర రస్ లఫాన్ నుంచి ఎగుమతి కావడంతో ఖతార్ రాబడి మరో మెట్టు ఎక్కింది, జనాభా అంతకంటే వేగంగా ఎక్కింది. 1986 లెక్కల్లో 3.69 లక్షలున్న జనాభా 2004 నాటికి 7.44 లక్షలైంది, 2010 నాటికి దాదాపు 17 లక్షలు. ఆరేళ్ళలో రెట్టింపు దాటిన జనానికి ఏ నగరమూ ఇళ్ళు కట్టలేదు. అద్దెలు అందుకోలేనంత పెరగడంతో ప్రభుత్వం 2008 అద్దె చట్టంతో పెంపుకు కొంతకాలం పగ్గం వేసింది. అదే కాలంలో చవక మంచాలున్న వాడలు తగ్గడం మొదలైంది. ఖతార్‌లో మొదట విద్యుద్దీపాలు వెలిగిన కహ్రబా వీధి ఉన్న ముషైరిబ్‌లో 31 హెక్టార్ల పాత కట్టడాలను తొలగించి, ఖతార్ ఫౌండేషన్ అనుబంధ సంస్థ కొత్త నగర కేంద్రాన్ని నిర్మించింది. ఆ వాడలోని నాలుగు పాత ముంగిలి ఇళ్ళను మాత్రం శ్రద్ధగా బాగుచేసి మ్యూజియంలుగా నిలిపారు, వాటిలో ఒకటైన బిన్ జల్మూద్ ఇల్లు హిందూ మహాసముద్ర ప్రాంతపు బానిసత్వ చరిత్రను దాపరికం లేకుండా చెబుతుంది. అటువంటి నిజాయితీని గల్ఫ్‌లో ప్రభుత్వ అండ ఉన్న ఒక సంస్థ చూపడం గొప్ప సంగతే. అయితే ముషైరిబ్‌లో మ్యూజియంగా మిగిలిన గది, కూతవేటు దూరంలోని పాత వాడలో ఇంకా మంచాలతో నిండి ఉండడాన్ని కూడా చరిత్రకారుడు చూడాలి.

ప్రపంచ కప్ ఫుట్‌బాల్ పోటీలు ఖతార్‌కు దక్కిన 2010వ సంవత్సరమే 15వ నంబరు చట్టం వచ్చిన సంవత్సరం. కుటుంబాలు నివసించే ప్రాంతాలలో కార్మికుల గుంపులకు వసతి ఇవ్వరాదన్నది దాని సారాంశం. 2019లో దానికి సవరణ చేసి మరింత బిగించారు. బలదియా, అంటే నగరపాలక సంస్థ, తనిఖీలకు వచ్చినప్పుడు పార్టిషన్లు కూలడం, మంచాలు వీధికెక్కడం మామూలైంది. చట్టానికి కారణాలు లేకపోలేదు. ఒకే మురుగు గొట్టం, ఒకే విద్యుత్ తీగ మీద లెక్కకు మించిన మంది ఆధారపడిన ఇల్లు అందులో ఉన్నవారికే మొదటి ప్రమాదం. కాని కార్మికుడు, కుటుంబం అన్న రెండు మాటలను ఒకదానికొకటి ఎదురుగా నిలిపిన చట్టం ఒక నిజాన్ని పక్కన పెట్టింది. ఆ కార్మికులందరికీ కుటుంబాలున్నాయి. నిర్ణీత జీతం లేనిదే కుటుంబ వీసా రాదు కనుక అవి మెట్‌పల్లిలోనో, ముమ్మిడివరంలోనో, పుల్లంపేటలోనో ఉండిపోయాయి.

వాడల నుంచి తొలగించిన వారు ఎక్కడికి పోవాలన్న ప్రశ్నకు ప్రభుత్వం ఈసారి తన ధనంతోనే జవాబు చెప్పింది, అది ఈ చరిత్రలో రెండో ఘట్టం. 2005లో ఏర్పడి, ప్రభుత్వ సంస్థయైన ఖతారీ దియార్ ప్రధాన వాటాదారుగా ఉన్న బర్వా కంపెనీ, మధ్యతరగతి ఉద్యోగుల కోసం మిసైమీర్, సైలియా ప్రాంతాలలో మసాకిన్ పేరుతోను, ఆ తరువాత బర్వా సిటీ పేరుతోను ఫ్లాట్ల సముదాయాలను కట్టింది. బర్వా సిటీలో దాదాపు 6 వేల ఫ్లాట్లున్నాయి. మార్కెట్టు కంటే అందుబాటు అద్దెతో కుటుంబాలకు ఇళ్ళివ్వడం వీటి ఉద్దేశం. వేతన కార్మికుల కోసం పారిశ్రామిక వాడ దగ్గర నిర్మించిన లేబర్ సిటీ 2015 నవంబరులో ప్రారంభమైంది, అందులో సుమారు 70 వేల మందికి చోటుంది. విశాలమైన మసీదు, పక్కనే ఏషియన్ టౌన్‌లో క్రికెట్ మైదానం, తెలుగు సినిమాలు కూడా ఆడే థియేటర్లు ఉన్నాయి. అంతకు ముందే 2014లో వచ్చిన మంత్రిత్వ ఉత్తర్వు గదిలో నలుగురికి మించరాదని, ఒక్కొక్కరికి కనీసం 6 చదరపు మీటర్లుండాలని, రెండంతస్తుల మంచాలు పనికిరావని నిర్దేశించింది. దుప్పటి మరుగున నిద్రపోయిన తరానికి ఆ ఉత్తర్వులోని ఒక్కొక్క అంకె విలువ తెలుసు.

లేబర్ సిటీ మంచి కట్టడమే, అక్కడి గదులు పాత వాడ గదుల కంటే ఎన్నో విధాల మేలైనవి. దానికి రెండు హద్దులున్నాయి. మొదటిది, అందులోని గదిని మనిషి అద్దెకు తీసుకోలేడు, కంపెనీ తీసుకుంటుంది. కంపెనీ మారినా, కంపెనీ మూతపడినా మంచం పోతుంది. రెండోది, అది ఊరి అంచున ఉంది. 2020 మార్చిలో కరోనా వ్యాపించినప్పుడు పారిశ్రామిక వాడలోని 1 నుంచి 32వ వీధి దాకా ఉన్న భాగాన్ని మూసివేసిన నాడు, ఊరికి దూరంగా ఉంచిన వసతిని మొత్తంగా ఊరి నుంచి వేరుచేయడం ఎంత సులభమో అందరికీ కనిపించింది. చిన్న దుకాణంలో పనిచేసే జీతగాడు, డ్రైవరు పని చేసేవాడు, నెలజీతం మీద ఇద్దరే కలిసి బతికే దంపతులు అటు లేబర్ సిటీకీ చెందరు, ఇటు బర్వా ఫ్లాటు అద్దెకూ చాలరు. వారిని అల్ దోహా అల్ జదీదా వంటి వాడే మోస్తూ వచ్చింది, ఏ బడ్జెట్టులోనూ పద్దు లేని గృహ పథకం అది.

2021 మార్చి 20 నుంచి అమలులోకి వచ్చిన 2020 నాటి 17వ నంబరు చట్టం ఈ లోటును తొలిసారి అంకెల్లో గుర్తించింది. ఇంటి పనివారితో సహా దేశంలోని కార్మికులందరికీ 1,000 రియాళ్ళ కనీస మూలవేతనం, యజమాని తిండి పెట్టకపోతే మరో 300, వసతి ఇవ్వకపోతే మరో 500 రియాళ్ళు చెల్లించాలని అది శాసించింది. గల్ఫ్ చరిత్రలో ఇది పెద్ద అడుగు, దాన్ని సాధించిన ఒత్తిడిలో వలస కార్మికుల దశాబ్దాల కష్టం ఉంది. అయినా 500 రియాళ్ళన్నది ఇంటి అద్దె కాదు, మంచం అద్దె. చట్టం నిర్ణయించిన ఆ అంకె బెడ్ స్పేస్‌ను పరోక్షంగా దేశపు కనీస నివాసంగా ఒప్పుకుంది. చవక వసతి పాత భవనాలలోనే దొరుకుతుంది, పాత భవనాలకు మరమ్మతు చేసే బాధ్యత ఎవరిదో అద్దెదారుకు తెలియదు. 2023 మార్చి 22న, పాత దోహా వాడలకు దగ్గరలోని బిన్ దిర్హమ్ ప్రాంతంలో నాలుగంతస్తుల భవనం ఒకటి కూలి పలువురు మరణించారు, మృతులలో భారతీయులున్నారు.

ఖతార్ పౌరుడికి రాజ్యమిచ్చినట్టుగా ఈ మంచం మీది మనిషికి ఇల్లివ్వవలసిన రాజ్యం ఏది అని ఆలోచిస్తే, చూపు సహజంగా స్వదేశం వైపు తిరుగుతుంది. అక్కడ ప్రభుత్వ గృహనిధికి సుదీర్ఘ చరిత్రే ఉంది. ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ 1979లో ఏర్పడింది. 2006లో ఇందిరమ్మ పథకం, 2015 ప్రాంతంలో తెలంగాణలో 560 చదరపు అడుగుల డబుల్ బెడ్‌రూం ఇళ్ళు, 2020 డిసెంబరు 25న ఆంధ్రప్రదేశ్‌లో 30 లక్షలకు పైగా ఇళ్ళ పట్టాలతో మొదలైన పేదలందరికీ ఇళ్ళు పథకం, 2024 మార్చి 11న భద్రాచలంలో ఆరంభమైన ఇందిరమ్మ ఇళ్ళు వరుసగా వచ్చాయి. చివరి పథకం సొంత స్థలం ఉన్నవారికి 5 లక్షల రూపాయలిస్తుంది. 2024 నాటి మారకపు రేటున 5 లక్షల రూపాయలు రియాళ్ళలో సుమారు 22 వేలు, అంటే కనీస మూలవేతనం మీద పనిచేసేవాడు తినకుండా తాగకుండా దాస్తే 22 నెలల జీతం. దోహాలో ఏళ్ళ తరబడి మంచం మీద పడుకొని ఊళ్ళో స్లాబు ఇల్లు లేపిన వారందరూ, నిజానికి ఒక ప్రభుత్వం చేయవలసిన ఖర్చును తమ వయసుతో చెల్లించారు. కరీంనగర్ పల్లెల్లో గల్ఫ్ డబ్బుతో కట్టిన ఇళ్ళలో ఎన్నో ఇళ్ళకు, కట్టించిన మనిషి అతిథిలాగే వస్తాడు. రెండేళ్ళకొకసారి రెండు నెలల సెలవులో, గృహప్రవేశం ఫోటోలో తాను లేని ఇంట్లో పడుకుంటాడు.

అల్ దోహా అల్ జదీదాకు 2019 మేలో మెట్రో వచ్చింది. రెడ్ లైన్‌లో ముషైరిబ్ తరువాతి స్టేషను ఇదే, అప్పటి ఛార్జీ 2 రియాళ్ళు. స్టేషను వచ్చిన చోట నేల విలువ పెరగడం, పెరిగిన చోట పాత కట్టడాలకు కాలం చెల్లడం ఏ నగరంలోనైనా జరిగేదే కనుక, ఇప్పుడు ఇక్కడ మిగిలిన మడ దుంగల కప్పులు ఎంతకాలం నిలుస్తాయో పక్కనే ఉన్న ముషైరిబ్ చెబుతోంది. యూసీఎల్ ఖతార్ పరిశోధకులు దోహా పుట్టుక మీద 2010లలో చేపట్టిన తవ్వకాలు, సర్వేలు ఈ నగరంలోని పాత ఇళ్ళ పొరలను కొలిచి, గీసి, భద్రపరచాయి. ఆ పటాలలో హోష్ ఎక్కడ, మజ్లిస్ ఎక్కడ, బావి ఎక్కడ అన్నది స్పష్టంగా గుర్తించి ఉంటుంది. అవే గదుల్లో ఏ గోడ పక్కన ఏ మంచం ఉండేదో, ఆ మంచం మీద ఏ ఊరివాడు ఎన్నేళ్ళు పడుకున్నాడో తెలిసినవారు ఇప్పుడు జగిత్యాలలో, అమలాపురంలో, రాజంపేటలో అరవై దాటిన వయసులో ఉన్నారు. వారి మాటలను రాసుకునే పని ఇంకా మొదలు కావలసి ఉంది. తెలుగు కూలీలు ఎక్కిన తొలి ఓడల నుంచి బొంబాయి ఏజెంట్ల దాకా సాగిన ప్రయాణ మార్గాలను వచ్చే భాగం పరిశీలిస్తుంది.